వెనక ఎడమ వైపు 118

జూన్ 3, మంగళవారం

ఇరవై రెండేళ్ళుగా ఈ డైరీలో గుద్దుకున్న బండ్ల కొలతలు తప్ప ఇంకేమీ రాయలేదు. ఇన్సూరెన్సు సర్వేయరు డైరీలో ఇంకేముంటుంది? ఇవాళ్టివి రెండూ పై పేజీలో ఉన్నాయి. ఒకటి లారీ కిందకి దూరిన కారు. రెండోది సొంత ఇంటి గేటునే గుద్దుకున్న కారు. ఈ మూడోది ఇంట్లో చెప్పుకోలేనిది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా ఆవిడకి ఆర్డరు వచ్చింది. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేశాక ఇప్పుడు మేట్రన్. కొండ మీది ఆస్పత్రి. అరవై రెండు కిలోమీటర్లు, అందులో ఆఖరి పద్దెనిమిదీ మలుపులే. జూలై పద్నాలుగున చేరాలి. ఆ మలుపులు నాకు బాగా తెలుసు. ఏడో మలుపులో రెయిలింగు మూడుసార్లు మార్చారు, మూడుసార్లూ ఫోటోలు తీసింది నేనే.

"రోజూ వెళ్ళొస్తాను. ఓ కారు చూసిపెట్టండి, నేనే నడుపుకుంటా," అంది ఆర్డరు కాగితం మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ.

"సరే. కానీ నేను సర్వేలకి తిప్పే మన పాతదానిలాంటి డబ్బా బండి ఆ దారికి పనికిరాదు. ఎత్తుండాలి, బరువుండాలి, నాలుగు చక్రాలకీ పవరుండాలి. మిడ్‌సైజు లగ్జరీ ఎస్‌యూవీ. అంతకి తక్కువైతే నేనొప్పుకోను."

"నాకు నాలుగు చక్రాలూ, ఓ హారనూ ఉంటే చాలండీ."

"అది ఆ దారి తెలియనివాళ్ళు అనే మాట."

"సరే, మీకే వదిలేస్తున్నా. నలభై రోజులుంది. బండ్ల విషయంలో మీ మాటకి తిరుగేముంది?"

అవును, తిరుగు లేదు. భద్రత ముఖ్యం.

జూన్ 6, శుక్రవారం

షోరూం. కారు చూద్దామని వెళితే ముందు టీ తాగమన్నారు. తర్వాత సోఫాలో కూర్చోమన్నారు. తర్వాత గోడ మీద ఓ వీడియో, అందులో కారు ఎడారిలో పరుగెడుతోంది. మా ఆవిడ వెళ్ళాల్సింది ఆస్పత్రికి.

అమ్మకాలాయన ప్రతి మాటకీ ముందొక సర్, వెనకొక సర్. "సర్, సీటు వీపు నొక్కుతుంది సర్."

"ఎందుకు? నడుపుతూ నిద్రపోవడానికా?"

"సర్, లోపల లైట్లు అరవై నాలుగు రంగులు సర్. మన మూడ్‌ని బట్టి సర్."

అప్పటి నా మూడ్‌కి ఏ రంగు వెలుగుతుందో చూపించమని అడగాల్సింది.

ఇంతలో మా ఆవిడ వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు ముందుకి జరుపుకుంది, అద్దం సర్దుకుంది, స్టీరింగు మీద రెండు చేతులూ వేసి ఎదురుగా ఉన్న గోడ వంక చూస్తూ ఉండిపోయింది. "బాగుంది. ఇదే రాయించెయ్యండి," అంది.

నేను డిక్కీ తెరిచాను. స్టెప్నీ లేదు! దాని చోట ఓ గాలి పంపు, ఓ జిగురు సీసా. ఏడో మలుపులో పంక్చరైతే మా ఆవిడ ఈ సీసా తాగుతుందా అనడిగాను. హెల్ప్‌లైనుంది సర్ అన్నాడు. అక్కడ సిగ్నలుండదన్నాను. "మీరెప్పుడైనా అక్కడ ఫోను తీసి చూశారా?" అంది మా ఆవిడ. తీయలేదు. నేను వెళ్ళేది పడిపోయిన బండ్ల కోసం, ఫోన్లో కబుర్ల కోసం కాదు.

బూడిద రంగైతే మూడు వారాల్లో ఇస్తారట. మంచులో బూడిద రంగు ఎవరికి కనపడుతుంది? ఎరుపు కావాలన్నాను. ఎరుపైతే నాలుగు నెలలట.

జూన్ 8, ఆదివారం

బావమరిది దిగాడు. లెక్కల మేష్టారు. ప్రతిదానికీ అయిదుకి ఇన్నని చుక్కలు వేస్తాడని ఇంట్లో అందరూ ‘రేటింగు’ అంటారు. వాళ్ళక్క ఇచ్చిన టీకి కూడా మూడున్నర వేశాడు. పదకొండు కార్లు, నలభై మూడు అంశాలు పట్టిక గీసుకొచ్చాడు. కప్పు పెట్టుకునే గుంటలకి వేరే మార్కులున్నాయి.

"చూడు బావా, కొత్తది గేటు దాటగానే పాతదైపోతుంది. పాతదైతే ముందే పాతది కాబట్టి ఇంక అయ్యేదేం లేదు."

"మరైతే పాతది కొనమంటావు."

"అలా అన్లేదు. పాతదాంట్లో వాడెవడో ఏం చేశాడో మనకేం తెలుసు?"

"అయితే కొత్తది."

"అలా కూడా అన్లేదు."

మూడు గంటలు కూర్చున్నాడు. వెళ్ళేముందు పట్టిక మొత్తం కూడితే మొదటి మూడు కార్లకీ సమానంగా వచ్చాయి. దానికి వాడు పొంగిపోయాడు.

జూన్ 9, సోమవారం

కొత్తది వద్దు. కొత్త మోడల్ని మొదటి ఏడాది కొనేవాడంత తెలివితక్కువవాడు ఉండడు. పాతది చూస్తాను.

జూన్ 12, గురువారం

పాతవి మూడు చూశాను.

మొదటిదాంట్లోకి ఎక్కగానే అత్తరు కొట్టు వాసన. సీటుబెల్టు చివరిదాకా లాగితే బురద గీత. నిలువునా వరదలో మునిగిన బండి.

రెండోది ముప్ఫై వేలు తిరిగిందట. బ్రేకు పెడలు మీద రబ్బరు అరిగి నున్నబడింది. లక్షకి తక్కువ తిరిగుండదు.

మూడోది తలుపుల మీద పెయింటు మీటరు పెడితే నాలుగొందల పన్నెండు. "అదేం లెక్క సార్?" అని అమాయకంగా అడిగాడు అమ్మేవాడు. "కంపెనీ రంగు మందం వంద నుంచి నూటనలభై మైక్రాన్లుంటుంది. మూడొందలు దాటిందంటే కింద పుట్టీ ఉన్నట్టు. పుట్టీ ఉందంటే దెబ్బ ఉన్నట్టు. నీ బండి పల్టీ కొట్టింది," అన్నాను. ఆ తర్వాత అమాయకంగా ఏమీ అడగలేదు.

మా ఆవిడ మూడుచోట్లా తలుపు దగ్గర నిలబడి నా మొహమే చూసింది. నేను తల అడ్డంగా ఊపగానే వెళ్ళి మా పాత కార్లో కూర్చుంది. ఒక్కసారి కూడా ‘ఎందుకు’ అనలేదు. ఇలాంటి నమ్మకం ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళకి కూడా లేదు నా మీద.

జూన్ 15, ఆదివారం

ఇవాళ మొదటిసారి విసుక్కుంది. స్కూటరు సంగతి తీసింది. పద్దెనిమిదేళ్ళ కిందట ఆవిడ మార్కెట్టు మలుపులో స్కూటరు మీంచి పడితే, పరుగున వెళ్ళి నేను అడిగిన మొదటి మాట, "ఏ వైపు తగిలింది?" అని. ఆవిడ మోచెయ్యి చూపించిందట. నేను స్కూటరు చుట్టూ తిరుగుతున్నానట.

అలా జరగలేదు. రెండూ చూశాను. ఏది ముందు చూశానో గుర్తులేదు.

"ఇంక నాలుగు వారాలే ఉంది," అంది.

జూన్ 19, గురువారం

కళ్ళ డాక్టరమ్మ ఇంటికి వెళ్ళాం. పెద్దావిడ. ప్రాక్టీసు మానేశారు, ఇంక పెద్ద బండి ఎందుకని అమ్మేస్తున్నారు. చిన్న కారు ఒకటి ఉంచుకుంటున్నారు, దాన్నీ ఈ డ్రైవరే నడుపుతాడు. తొమ్మిదేళ్ళుగా ఉన్నాడట. అద్దాలకో గుడ్డ, బాడీకో గుడ్డ, చక్రాలకో గుడ్డ వేరువేరుగా ఆరేసి ఉన్నాయి. కారు తాళాలు గుమ్మం పక్కన కొక్కేనికి ఉన్నాయి. డాక్టరమ్మ వాటిని ముట్టుకోలేదు, అతనే తీసుకొచ్చి ఇచ్చాడు.

మూడేళ్ళ బండి. ఎరుపు. స్టెప్నీ ఉంది.

బానెట్ 112. రూఫ్ 109. కుడి తలుపులు 115, 117. ఎడమ తలుపులు 114, 114. డిక్కీ 121. వెనక కుడి 116. వెనక ఎడమ 118.

కింద చాసిస్ శుభ్రం. టైర్లు సమానంగా అరిగాయి. సర్వీసు కాగితాలన్నీ వరసగా కుట్టి ఉన్నాయి. ఇరవై రెండేళ్ళలో ఇలాంటి బండి చూడలేదు.

మా ఆవిడ వీధి చివరిదాకా నడిపి తెచ్చింది. దిగి, "ఎలా ఉంది?" అంది. నవ్వుతోంది.

జూన్ 19, సాయంత్రం

వెనక ఎడమ వైపు పెద్ద దెబ్బ తగిలి బాగుచేశారని మా ఆవిడతో చెప్పాను. లోపల చాసిస్ వంగి ఉండొచ్చన్నాను.

జూన్ 20, శుక్రవారం

మీటరు పాతది. బ్యాటరీ కిందటి నెలే మార్చాను, అయినా పాతది పాతదే. పైగా నూటపద్దెనిమిది మిగతావాటికంటే ఎక్కువే. డిక్కీ మినహా అన్నిటికంటే ఎక్కువ. ఎందుకు ఎక్కువుంది?

మా ఆవిడ డాక్టరమ్మకి ఫోను చేసి వద్దని చెప్పింది. ఊరికే వద్దంటే బాగోదని కారణం కూడా చెప్పిందట. కారణం చెప్పమని నేననలేదు. చెప్పొద్దనీ అనలేదు.

భద్రత ముఖ్యం.

జూన్ 24, మంగళవారం

షోరూంకి ఫోను చేశాను. బూడిద రంగువి కూడా అయిపోయాయి సర్ అన్నాడు. మా ఆవిడతో చెబితే టీ కప్పు కింద పెట్టి, "ఇంక బండి సంగతి వదిలెయ్యండి," అంది.

తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. అంతలోనే అంది, "అక్కడ క్వార్టర్సులో గది ఖాళీ ఉందట. అక్కడే ఉంటాను. నెలకోసారి వస్తా."

నెలకోసారి!

పోస్టింగు వద్దనుకుంటుందని అనుకున్నాను. రాసేశాను, కొట్టెయ్యను. అసలు ఆర్డరు వచ్చిన రోజునుంచీ అదే అనుకుంటున్నాను. బండి లేకపోతే ఆ ఉద్యోగం వదులుకుంటుంది, పొద్దున్నే ఎదురుగా కూర్చుని పేపరు చదువుతుంది అనుకున్నాను. గోరుతో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను.

జూన్ 27, శుక్రవారం

గది చూడ్డానికి బస్సులో వెళ్ళాం. ఏడో మలుపు వచ్చేసరికి ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకున్నాను. పక్కన మా ఆవిడ నిద్రపోతోంది.

ఒకటే కిటికీ. ఇనప మంచం. మూల సింకు, దాని పైన పగిలిన అద్దం. గోడకి ఒకే మేకు. ఆవిడ ఆ మేకుకి చేతిసంచి తగిలించి, చేతులు చాపి మంచానికీ గోడకీ మధ్య జాగా కొలుచుకుంది. ఇక్కడ స్టవ్వు, ఇక్కడ బట్టలు అంటూ వేలితో చూపిస్తోంది, నాకు కాదు, తనకి తనే. ఎన్నేళ్ళయిందో ఆవిడని అలా చూసి. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

తిరుగు బస్సులో ఏడో మలుపు దగ్గర ఫోను తీశాను. సిగ్నలు నాలుగు గీతలూ ఉన్నాయి.

జూన్ 28, శనివారం

పొద్దుటినుంచీ పద్నాలుగు మందికి ఫోను చేశాను. ఎవరి దగ్గరైనా, ఏ బండైనా. రేటింగు గాడు పక్కనే కూర్చుని, "బావా, ఇప్పుడు నువ్వు మూడు చక్రాలున్నదైనా కొనేలా ఉన్నావ్," అన్నాడు.

వాళ్ళక్క వంటింట్లోంచే అంది, "వద్దని చెప్పు మీ బావకి. నేను గదికి సరే అన్నాను."

జూలై 2, బుధవారం

గ్యారేజీలో ఓ వ్యాను కింద పడుకుని చూస్తుంటే పక్కన రెండు కాళ్ళు వచ్చి నిలబడ్డాయి. ఇస్త్రీ ప్యాంటు, తుడిచిన చెప్పులు. బయటికొచ్చి చూస్తే డాక్టరమ్మ డ్రైవరు.

"సార్, మీకు టైముంటే ఓసారొచ్చి ఆ మీటరు ఇంకోసారి పెట్టి చూడండి సార్."

"ఎందుకు?"

"బండికి దెబ్బ తగిల్తే నేను దాచిపెట్టి బాగుచేయించాననుకుంటున్నారమ్మగారు. నేను చెయ్యలేదు సార్. తిట్టలేదు లెండి, తిట్టినా బావుండేది. తాళాలు గుమ్మం దగ్గర కొక్కేనికుండేవి కదా. ఇప్పుడు డ్రాయర్లో పెట్టి తాళం వేస్తున్నారు. పొద్దున్నే అడిగి తీసుకోవాల. నెలాఖరుకి వేరే పని చూసుకోమన్నారు."

నేను చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ నిలబడ్డాను.

"మీది తప్పని కాదు సార్. మీరు పెద్ద సర్వేయరు. మరి నేను లేనప్పుడు ఎవరైనా తీసుకెళ్ళి గుద్దారేమో. అదే తెలీట్లా. తొమ్మిదేళ్ళు సార్. పడుకున్నా అదే ఆలోచన."

చూస్తానన్నాను. నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు. నాకు!

జూలై 3, గురువారం

వెనక ఎడమ 118.

జూలై 4, శుక్రవారం

తొమ్మిదేళ్ళు. మూడు గుడ్డలు.

ఎంతోమంది దొంగ క్లెయిములు పెడితే పట్టుకున్నాను. చెమటలు పట్టేవాళ్ళు, నోరు తడబడేవాళ్ళు. ఇలా ఎలా చేస్తారో అని ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరితో చెప్పుకోను?

జూలై 5, శనివారం

మా ఆవిణ్ణి తీసుకుని డాక్టరమ్మ ఇంటికి వెళ్ళాను. ఎందుకో దారిలో చెప్పలేదు. చెబితే వెనక్కి తిరిగిపోతానేమోనని నా భయం.

బండి పక్కన అందరం నిలబడ్డాం. డ్రైవరు బాడీ గుడ్డతో ఆ చోటు తుడిచాడు, మీటరు సరిగ్గా ఆనాలని. మీటరు పెట్టి, అంకె వాళ్ళకి కనపడేలా తిప్పాను. నూటపద్దెనిమిది.

"అంటే?" అన్నారు డాక్టరమ్మ.

"దెబ్బ లేదండీ. ఎప్పుడూ లేదు."

"సార్!" అన్నాడు డ్రైవరు. సంతోషం, అంతే. ఇంకా నన్ను అనుమానించలేదు.

మా ఆవిడ మాత్రం మీటరు వంక చూడలేదు. "ఆ రోజు మీటరు తప్పు చూపించిందా?" అంది.

అవునంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది. ఆవిడ నాకు ఇచ్చిన దారే అది అనిపించింది. కానీ అలా అంటే ఈ మనిషి జన్మంతా నన్ను పెద్ద సర్వేయరనే అనుకుంటాడు, ఆవిడ మాత్రం జన్మలో అనుకోదు.

"మీటరు తప్పలేదు. ఆ రోజూ నూటపద్దెనిమిదే. నేను అబద్ధం చెప్పాను," అన్నాను.

డాక్టరమ్మ నా వైపు తిరిగారు. "నా దగ్గరికి కనపడనివాళ్ళు వచ్చేవారు బాబూ. లేనిది కనపడిందనేవాళ్ళు రాలేదెప్పుడూ," అని లోపలికెళ్ళారు. డ్రాయరు తెరిచిన చప్పుడైంది. తాళాలు తెచ్చి కొక్కేనికి తగిలించి, డ్రైవరు దగ్గరికొచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు. ఏదో అన్నారు, నాకు వినపడలేదు. అతను గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. నేను క్షమించమన్నాను. "పర్లేదు సార్," అన్నాడు, కానీ ఈసారి దణ్ణం పెట్టలేదు.

మా ఆవిడ ఇంటికి నడిచొచ్చింది. నేను కార్లో వెనకే మెల్లగా వచ్చాను. వీధుల్లో జనం నన్నేమనుకున్నారో!

జూలై 6, ఆదివారం

సాయంత్రందాకా వంటింట్లోనే ఉంది. తర్వాత వచ్చి ఎదురుగా కూర్చుంది.

"వెళ్ళొద్దని ఒక్కసారి అనొచ్చుగా నాతో?"

"అంటే ఆగేదానివా?"

"ఆగను. దెబ్బలాడుకుని వెళ్ళేదాన్ని. అదైనా మర్యాదగా ఉండేది. ముప్ఫై ఏళ్ళలో మీరు చెప్పినవాటిల్లో సగం నమ్మలేదు నేను. బండ్ల గురించి చెప్తే మాత్రం కళ్ళు మూసుకుని నమ్మాను. అదొక్కటే ఉంది, దాన్నే పట్టుకుని నా మీద వాడారు."

భయమేసిందన్నాను. ఏడో మలుపు ఫోటోల గురించి చెప్పాను. వాటిలో ఎప్పుడూ నీ మొహమే కనపడుతోందన్నాను. అది నిజం. పొద్దున్నే ఎదురుగా ఎవరూ లేకుండా టీ తాగడం నా వల్ల కాదన్నాను. అదీ నిజమే, బహుశా అదే ముందు నిజం.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మెత్తబడిందనుకున్నాను.

"ఆ బండికి రిపోర్టు రాసివ్వండి. కంపెనీకి రాసినట్టే, ఒక్క ముక్క తగ్గకుండా. నేను కొంటున్నాను," అంది.

రాశాను. అన్ని అంకెలూ, టైర్లూ, చాసిసూ. కింద ఎప్పుడూ రాసే ఆఖరి వాక్యం: ‘వాహనం రోడ్డు మీదకి వెళ్ళుటకు అభ్యంతరం లేదు.’ సంతకం.

మొత్తం చదివింది. ఆఖరి వాక్యం మీద వేలు పెట్టి, "ఇది మనస్ఫూర్తిగా రాశారా, అలవాటుగా రాశారా?" అంది.

"అలవాటుగా," అన్నాను. ఇంకా అబద్ధాలెందుకు?

జూలై 14, సోమవారం

ఆవిడ నడిపింది. నేను పక్క సీట్లో. అరవై రెండు కిలోమీటర్లూ అక్కడ లేని బ్రేకుని తొక్కుతూనే ఉన్నాను, పిక్కలు పట్టేశాయి. ఏడో మలుపులో హారను కొట్టింది, ఎదుటివాడికి దారిచ్చింది, తిప్పింది, అయిపోయింది. నేను ఊపిరి వదిలిన చప్పుడుకి నవ్వింది. ఇరవై అయిదు రోజుల తర్వాత నవ్వడం.

ఆస్పత్రి గేటు దగ్గర నన్ను దింపి, "గది ఉంచుకుంటున్నాను. బుధవారం, శనివారం వస్తా. మిగతా రోజుల సంగతి తర్వాత చూద్దాం," అంది.

రోజూ వస్తానన్న మనిషి. నా చేతులారా చేసుకున్నది. అడగలేదు. బస్సులో తిరిగొచ్చాను.

జూలై 15, మంగళవారం

ఒక్కడికి టీ పెట్టుకుంటే పాలు ఎన్ని పోయాలో తెలియదు.

జూలై 19, శనివారం

సాయంత్రం ఆరింటికి వీధి మలుపులో హారను. చెప్పులు వేసుకోకుండానే బయటికి వెళ్ళాను. ఆవిడ బండి ఆపి, దిగకుండా అద్దంలోంచి నన్నే చూస్తోంది. ఏదో అయిందని అర్థమైంది.

వెనక ఎడమ వైపు. జానెడు పొడుగున గీత, కింద అరచేతంత సొట్ట. ఆస్పత్రి గేటు స్తంభం అయ్యుంటుంది, తెల్ల సున్నం అంటుకుని ఉంది.

ఆవిడ చూస్తోంది నన్ను. స్కూటరు గుర్తొచ్చింది. అప్పుడు కూడా ఇలాగే చూసుంటుంది.

బండి వదిలేసి ముందు తలుపు దగ్గరికెళ్ళాను. "నీకేం తగల్లేదు కదా?" అన్నాను.

"లేదు," అంది. దిగి, సొట్ట వంక చూసి, "మీరు ముందే చెప్పారుగా, ఇప్పుడు తగిలించుకొచ్చా," అంది. ఇద్దరం వీధిలో నిలబడి నవ్వాం. రేటింగు గాడు చూసుంటే ఎన్ని చుక్కలు వేసేవాడో.

మీటరు బీరువాలో ఉంది. తీయలేదు. కొలిస్తే ఎంతొస్తుందో నాకు తెలుసు, తెలియకపోయినా ఫర్వాలేదు.

సోమవారం పొద్దున ఆరింటికి మళ్ళీ బయల్దేరుతుంది. అభ్యంతరం లేదు.

ఇది అలవాటుగా రాసింది కాదు.